డోలీ కర్రకి చెప్పిన పేరు

ఈ సంగతి మొదట చెప్పింది కృపావతి. ఈతగుడలో ఆశా వర్కరు ఆవిడే. ఆ రోజు డోలీ వెంట కొండ దిగిన మనిషి. చూసింది చెప్పింది, చూడనిది చూడలేదని ఒప్పుకుంది. సంతలో తలో రకంగా చెప్పేవాళ్ళ మాట పట్టించుకోవద్దు. వాళ్ళు ఆ పూట అరకులో పకోడీలు తింటున్నారు.

ఈతగుడలో బుధుకి రోజూ అనుమానంతోనే తెల్లారేది. లేవగానే కంచె చుట్టూ తిరిగి, మట్టిలో ఎవరి పాదం పడిందో చూసేవాడు. కళ్ళంలో ఆరబోసిన కాఫీ పళ్ళు కాలితో కెలికి, చోడి అంబలి తాగితే గాని భార్య సోములమ్మతో మాటాడేవాడు కాదు. గుమ్మంలో ఎవరైనా పనసకాయ పెట్టి పోయారంటే ఇంక ఆ రోజు పని సాగేది కాదు.

"ఎవులు పెట్టారే ఇది?"

"ఎవులైతే ఏటి? కోసుకు తిందాం."

"ఊరికే ఏల పెడతారు? ఏదో గావాలి, అందుకే పెట్టారు," అని ఆ కాయ మోసుకెళ్ళి దారి మధ్యలో పడేసి వచ్చేవాడు. ఆవులు తినేవి.

ఈతగుడకి రోడ్డు లేదు. జబ్బుమనిషినైనా, నొప్పులొచ్చిన ఆడమనిషినైనా కర్రకి బొంత కట్టి, అందులో పడుకోబెట్టి నాలుగు కిలోమీటర్లు దింపితే అంబులెన్సు ఆగే చోటు వస్తుంది. ఊరంతటికీ డోలీ కర్ర ఒక్కటే. భుజం పెట్టేవాళ్ళు ముందు కర్రకి ఒక పేరు చెప్పాలి. ఒక మనిషి, ఒక డోలీ, ఒక పేరు. చెప్పిన పేరు కర్ర మరిచిపోదు. ఆ పేరు గలవాడు డోలీ ఎక్కే రోజు వచ్చినప్పుడు, ఆ పేరున ఎన్నిసార్లు భుజం పడిందో అంత తేలికగా ఉంటాడు. మధ్యలో మానేసినవాడికి మునుపటివి చెల్లవు.

చిట్టి వాళ్ళ నాన్న ముప్పై ఏళ్ళు మోశాడు. ఆయన్ని దింపిన నాడు ఇద్దరు కుర్రగుంటలు అడ్డాకుల మోపు పట్టుకుపోయినట్టు పట్టుకుపోయారు. మైదానం నుంచి కొత్తగా వచ్చిన సర్వేశ్వరరావు మాస్టారికి మొదటి నెలలోనే మలేరియా తగిలింది. బక్కమనిషి. ఎనిమిది మంది ఎత్తి, పది చోట్ల దింపుకుని, నోట మాట రాక కూలబడ్డారు. ఆయన్ని ఎవరూ తప్పుపట్టలేదు. జ్వరం తగ్గాక మాస్టారు తనే వచ్చి కర్రకి పేరు చెప్పాడు, ఇంటిపేరుతో సహా.

బుధు పదకొండేళ్ళుగా ఆ కర్ర ముట్టలేదు. అతని తల్లిని దింపిన రోజు దారిలో కొండవాగు, ఆ గెడ్డ, దాటుతుంటే మోస్తున్న మంగ్లు కాలు జారింది. ముసలమ్మ రాళ్ళ మీద పడి తుంటి విరిగింది. మరి లేవలేదు, మంచంలోనే పోయింది. మంగ్లు సోములమ్మకి స్వయానా అన్న. అయినా సరే, కావాలనే వదిలేశాడని బుధు అంటాడు. "ఆడు బుజం పెట్టిన కర్రకి నాను బుజం పెట్టను," అని ఊరందరి ముందూ అన్నాడు. ఆ మాట మీదే నిలబడ్డాడు. బావ ఎదురైతే దారి మార్చేవాడు.

కిందటి చలికాలం కృపావతి ఇంటికో బొంత పంచింది. అమెరికాలో ఏదో చిన్న ఊళ్ళో ఆడవాళ్ళు వారానికోసారి ఒకచోట చేరి కుట్టినవట.

"మనం తెలుసా ఆళ్ళకి?" అని అడిగాడు బుధు.

"తెలీదు మాఁవా. అక్కడంతేనంట. ఒకింట్లో మనిషి మంచాన పడితే పక్కింటోళ్ళు వంతులేసుకుని కూడొండి పట్టుకెళ్తారంట. ముసలోళ్ళ గుమ్మంలో మంచు పడితే తెల్లారేసరికి ఎవరో ఎత్తిపోసి పోతారంట. ఎవరో కూడా సెప్పరంట."

"సెప్పకుండా సేసినోడి మీదే కన్నెయ్యాల," అన్నాడు బుధు. బొంత తిరగేసి కుట్లన్నీ చూసి అటక మీద పడేశాడు.

మిరియాలు కోసే రోజుల్లో ఒక పొద్దున్న మిరియాల తీగ పాకిన సిల్వర్ ఓక్ చెట్టుకి ఆనించిన వెదురు నిచ్చెన జారి, బుధు కిందపడ్డాడు. మోకాలి కింద ఎముక బయటికొచ్చింది. కృపావతి పరుగున వచ్చి గుడ్డ బిగించింది గాని నెత్తురు ఆగలేదు.

"బేగి డోలీ కట్టండి!"

"వద్దు," అన్నాడు బుధు.

"ఏటి మాఁవా వద్దు? మద్యాన్నం దాకా ఉండవు నువ్వు."

"పోతే పోతాను. డోలీ ఎక్కను."

ఎందుకో అందరికీ తెలుసు. పదకొండేళ్ళు భుజం పెట్టని మనిషి ఎంత బరువుంటాడు? ఊరంతా కలిసి ఎత్తలేక, దారి మధ్యలో దింపేసి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అది చూడ్డం కంటే చావే నయం అతనికి.

"నీ బరువు సూడ్డానికి ఎవులూ రానేదు, నెత్తురు సూసి వచ్చారు. నోరు మూసుకుని పడుకో," అంది సోములమ్మ. అటక మీది బొంత లాగి తనే కర్రకి కట్టింది.

ఎనిమిది మంది వచ్చారు. ముందు పక్క పడుచువాడు ధర్మ, అతని వెనక తక్కినవాళ్ళు, తలా ఒక పేరు చెప్పుకుని, పళ్ళు బిగించి ఒక్క ఊపున ఎత్తారు. డోలీ ఎండిన ఆనపబుర్రలా గాల్లోకి లేచింది. ధర్మ వెనక్కి తూలి నిలదొక్కుకున్నాడు.  తరవాత ఆరుగురు కర్ర వదిలి పక్కన నడిచారు.

బుధు ముందు ప్రాణం పోయిందేమో అనుకున్నాడు. పోతే కాలు ఇలా సలపదు. కర్ర మార్చేశారేమో అని తల తిప్పి చూశాడు. అదే కర్ర. తల్లి పడ్డ రోజు రాయి తగిలిన నొక్కు అలాగే ఉంది.

"ఈ బొంతలో ఏదో పెట్టి కుట్టేశారు ఆ ఆడోళ్ళు."

"నా పెళ్ళాన్ని దింపింది ఇలాటి బొంతలోనే తాతా," అన్నాడు ధర్మ. "నా నడుం ఇరిగింది."

పక్కన నడుస్తున్న సోములమ్మ వైపు తిరిగాడు బుధు. "నువ్వేనా?"

"నాను మోస్తే నా పేరే సెప్పుకుంటాను. నీకేల ఇత్తాను?"

గెడ్డ దగ్గర వెనక మోస్తున్నవాడు తప్పుకుని చోటిచ్చాడు. మంగ్లు వచ్చాడు. అరవై దాటాయి, ఒక మోకాలు సరిగా వంగదు. ప్రతి డోలీకీ గెడ్డలో ఈ గట్టు నుంచి ఆ గట్టు వరకే మోస్తాడు, అంతకు మించి చేతకాదు. కర్ర కింద భుజం పెట్టి మెల్లిగా అన్నాడు.

"బుధు."

బొంతలోంచి బుధు విన్నాడు.

"ఏటన్నావు?"

పదకొండేళ్ళలో బావతో అతను ఆడిన మొదటి మాట అది. మంగ్లు నీళ్ళలో కాలితో రాయి తడుముకుంటూ అడుగేశాడు.

"ఇనబడిందే అన్నాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మీయమ్మ పడిన కాడ్నించి."

"ఎవులడిగారు నిన్ను?"

"ఎవులూ అడగనేదు."

"ఏటి గావాలి నీకు? గెడ్డ పక్క నా పల్లం బూమా? నీ కళ్ళెప్పుడూ దాని మీదే."

"నీ పల్లంలో రాళ్ళు నువ్వే ఏరుకో బావా. నా కాలు జారింది. అంతే. జారింది."

"దించండి నన్ను."

"గెడ్డలోనా?" అన్నాడు ధర్మ.

గట్టెక్కాక కృపావతి ఉండబట్టలేక మంగ్లుని అడిగింది. "మరి నీ పేరున ఎన్ని ఉన్నాయి మాఁవా?"

"నాకేటి ఉంతాయి?" అని మంగ్లు కర్ర కింద నుంచి భుజం తీసి నవ్వబోయాడు. దగ్గు తెర ముంచుకొచ్చి ఆగలేదు, రాయి పట్టుకుని వంగిపోయాడు. "నా రోజున పదిమంది రావాల. తిట్టుకుంటూ వత్తారులే."

 ఇందులో మెలిక ఎక్కడుందో బుధు మూడు మలుపుల దాకా వెతికాడు. దొరకలేదు. దొరక్కపోతే ఇంకా అనుమానం వేసింది. వెనక ఆ దగ్గు కుంటుకుంటూ వస్తూనే ఉంది. అది వినకుండా ఉందామనుకున్నాడు గాని చేతకాలేదు.

మామూలుగా మూడు గంటలు పట్టే దారి గంటలో అయిపోయింది. అంబులెన్సులో ఉండే సత్యకుమారి కాలు చూసి, "ఇంకో గంట ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదు," అంది. స్ట్రెచర్ లాగి పక్కన పెట్టింది. బుధు మాత్రం రెండు చేతులతో కర్ర పట్టుకుని వదల్లేదు.

"ఆగండి. ధర్మా, బుజం తియ్యకు. పడుకున్నోడి మాట కర్ర ఇనదు, బుజం పెట్టినోడిదే ఇంటాది."

"ఏటి తాతా?"

బుధు మంగ్లు వైపు చూడలేదు. "ఒకడి కష్టం నాకొద్దు. ఆడిది ఆడికి పోవాల."

"ఇప్పుడు సెప్తే ఇక్కడే బరువెక్కిపోతావు. ఇంకా డోలీలోనే ఉన్నావు."

"ఆరుగురు ఖాళీగానే ఉన్నారు కదా, పట్టుకోమను. పదకొండేళ్ళూ గెడ్డ దాటించింది మంగ్లు అని సెప్పు. బుధు ఒక్కనాడూ మొయ్యనేదని సెప్పు. తప్పు పేరు అలా ఉండిపోకూడదు. సెప్పు ధర్మా, కర్రకి నిజం సెప్పు."