మంగళవారం వదిలిన బాణం

మంగళవారం పొద్దున నేను వదిలిన ఆరో బాణం, ఆఖరిది, ఇంకా కింద పడలేదు. ఇవాళ శుక్రవారం.

బాణం నేలను తాకేదాకా విల్లు పట్టిన చెయ్యి దించకూడదన్నది నేను నేర్చుకున్న మొదటి పాఠం. అందుకని నా ఎడమచెయ్యి మంగళవారం నుంచి పైకే ఉంది. కుడిచేత్తో అన్నం తింటున్నాను, తల దువ్వుకుంటున్నాను. ఎత్తిన చేతి నీడలో ఒక గొర్రె పడుకుని నెమరు వేస్తోంది. దానికి ఇబ్బంది కలగకుండా నిలబడ్డాను.

ఊరి బయట, ఎప్పుడో యుద్ధకాలంలో వేసి ఒక్క విమానమూ దిగకుండానే వదిలేసిన రన్‌వే మీద మా సాధన. నూట ఎనభై గజాల అవతల నేలలో ఒక ఎర్రజెండా గుచ్చి ఉంటుంది. మనిషికంటే పొడవైన విల్లుతో బాణాన్ని ఆకాశంలోకి వదలాలి. అది వంపు తిరిగి వచ్చి, జెండా చుట్టూ గీసిన వలయంలో దిగబడాలి.

అంత దూరం పోవాలంటే చెయ్యి బాగా ఎత్తక తప్పదు. ఎత్తగానే నా పిడికిలి సరిగ్గా జెండాకు అడ్డం వస్తుంది. ఎక్కడికి వేస్తున్నానో నాకు కనపడదు. అందుకే జెండా దగ్గర ఇంకో మనిషి ఉండాలి. బాణం దాటిపోతే ఆ మనిషి రెండు చేతులూ ఎత్తుతుంది. ముందే పడితే గొంతుక్కూర్చుంటుంది. పక్కకు పోతే ఆ పక్క చెయ్యి చాపుతుంది. ఆఖరి బాణం నేలను తాకేదాకా ఆ మనిషి అక్కణ్ణించి కదలకూడదు. ఇది రెండో పాఠం.

ఆ మనిషి మా అక్క హైమావతి. ఈ రెండు పాఠాలూ నేర్పింది కూడా ఆమే. ముప్పై ఏళ్లుగా ఆమె జెండా దగ్గర, నేను ఇక్కడ.

మంగళవారం అక్క ఒక చేతిసంచీతో వచ్చింది. ఆమె వెనకే ఒక బస్సు వచ్చి జెండా అవతల ఆగింది. ఆఖరి బాణం పడగానే అక్క ఆ బస్సెక్కి వెళ్లిపోతుంది. తిరిగి రాదు. బస్సు నుదుటి మీద ఊరి పేరు రాసి ఉంది. చెయ్యి ఎత్తకముందు నేను చదవబోయినప్పుడల్లా అక్షరాలు మర్యాదగా పక్కకు జరిగాయి.

అక్క గొంతు నూట ఎనభై గజాల నుంచి పక్కగదిలోంచి వచ్చినట్టు వస్తుంది.

"ఒసే వకుళా, పడిందా?"

"లేదక్కా."

"చెయ్యి నొప్పి పుట్టట్లా?"

"అలవాటైంది."

"నీకన్నీ అలవాటవుతయ్. నాకు కాళ్లు పీకతన్నయ్."

కదలకుండా నిలబడి ఉండడం వల్ల నా తప్పులు ఒక్కొక్కటే నాకు తెలుస్తున్నాయి. నేను ఎప్పుడూ చెయ్యి ఒక్కటే ఎత్తుతాను. అలా చేస్తే భుజాల వరస విరిగి బలం సగం పోతుంది. భుజాలను కదల్చకుండా నడుము దగ్గర వెనక్కి వాలాలి. బుధవారం నేను రెండు వేళ్ల మందం వాలాను. పైన బాణం అది గమనించి ఇంకొంచెం ఎక్కింది.

గురువారం ఎడమ భుజం చెవి దాకా పాకి ఉండడం చూసి కిందికి దించాను. బాణం మళ్లీ ఎక్కింది. దూరపు గురికి వింటినారిని చెంప దగ్గర కాకుండా దవడ కింద ఆనించాలని ఎప్పట్నుంచో అక్క చెబుతోంది. అన్నం తిన్నాక ఖాళీ కుడిచెయ్యిని దవడ కిందికి తెచ్చి సాధన చేశాను. బాణం దాన్నీ లెక్కలోకి తీసుకుంది. వదిలేసిన బాణం, తర్వాత దిద్దుకున్న తప్పుల్ని పట్టించుకోదని అందరూ అంటారు. ఇది పట్టించుకుంటోంది.

నేను ఎంత బాగా నేర్చుకుంటే అక్క అంతసేపు అక్కడే ఉంటుంది. ఈ సంగతి నాకు బుధవారమే తెలిసింది. అయినా దీన్ని సాధన అనే పిలుస్తున్నాను.

ఇవాళ కండక్టరు నా దగ్గరికి వస్తాడు. ఆ నూట ఎనభై గజాలూ ఆరు అంగల్లో వచ్చేస్తాడు. మెడలో టిక్కెట్ల మిషను, చెవి మీద పెన్ను. గొర్రెకు కూడా నమస్కారం పెడతాడు.

"మేడం, నా పేరు కోటిలింగం. ఆ చెయ్యి కాస్త దించుతారా? టిక్కెట్టు కొట్టేశా. ఆమె ఎక్కట్లా."

"బాణం పడలేదండీ."

"మీరు పడనిస్తేగా."

"బాణం పడేదాకా చెయ్యి దించకూడదు. అది నియమం."

"నియమాలు మాక్కూడా ఉన్నయ్ మేడం. టిక్కెట్టు కొట్టినాక సీటు ఖాళీగా పోగూడదు. జనం మంగళవారం నుంచి కూర్చోనున్నారు. నున్నగా గీక్కోని ఎక్కిన పెళ్లికొడుకు ఒకాయన, గడ్డం నెరిసిపోయింది. ఆయన నామీద అరుస్తన్నాడు."

నేను అడుగుతాను, "మా అక్క ఎక్కడికి వెళ్తోంది?"

కోటిలింగం నన్ను వింతగా చూస్తాడు. "ఉద్యోగం వచ్చిందంటగా. వాన కొలిచే ఉద్యోగం. సీసాలో ఎంత పడిందో చూసి పలక మీద రాయాల. గది గూడా ఇచ్చారు. కిటికీ ఎటు పెట్టాలో ఆమెనే అడిగారంట. మీకు చెప్పలేదా?"

"చెప్పే ఉంటుంది. నేను గురి చూస్తూ ఉండి ఉంటాను."

మా ఇంట్లో అక్కకు గది లేదు. ఆమె నడవాలో పడుకునేది, నా బాణాల పెట్టె పక్కన. ఆ పెట్టెకు తడి తగలకూడదని కిటికీ నేనే మూయించాను. ఇది నాకిప్పుడు గుర్తొస్తుంది, ఎవరో వేరే మనిషి గురించి చదివినట్టు.

"అక్కా," అని పిలుస్తాను. "నువ్వెళ్తే నా బాణం ఎక్కడ పడిందో నాకెవరు చెప్తారు?"

"నడిచొచ్చి చూసుకో. నూట ఎనభై గజాలేగా. ముప్పై ఏళ్లల్లో ఒక్కసారన్నా ఇటు వచ్చినావా?"

నేను లెక్క వేసుకుంటాను. రాలేదు. బాణాలన్నీ ఆమే ఏరి, మట్టి తుడిచి, ఈకలు సరిచేసి తెచ్చి ఇచ్చేది. జెండా దగ్గర నేల ఎలా ఉంటుందో నాకు తెలియదు.

చెయ్యి దించడం ఎలాగో నాకెవరూ నేర్పలేదు. నారి వదలడం మాత్రం తెలుసు. వేళ్లు తెరవకూడదు, పట్టుకోవడం మానెయ్యాలి, అంతే. భుజంతో అలాగే చేస్తాను. పట్టుకోవడం మానేస్తాను. గొర్రె లేచి మర్యాదగా పక్కకు తప్పుకుంటుంది.

పిడికిలి దిగుతున్నకొద్దీ దాని వెనక ఉన్నవి బయటికొస్తాయి. ముందు బస్సు కప్పు, తర్వాత కిటికీల్లో ముఖాలు, తర్వాత జెండా. జెండా పక్కన అక్క.

అక్క ఎడమచెయ్యి కూడా పైకే ఉంది. మా అటక మీద ఉండాల్సిన ఆమె పాత విల్లు ఆ చేతిలో ఉంది. పిడికిలి ఆమె ముఖానికి అడ్డం వచ్చింది. ఆమెకూ నేను కనపడడం లేదు.

"ఆమె ఎప్పుడు వేసింది?" అంటాను.

"మంగళవారం. మీరు వేసినప్పుడే," అంటాడు కోటిలింగం. "మీకు పిడికిలి అడ్డం."

నా బాణం పడిన చప్పుడు వినిపిస్తుంది. పుస్తకం మూసినంత చప్పుడు.

"పడింది," అంటుంది అక్క.

"ఎక్కడ?"

"చెప్పా కదా, వచ్చి చూసుకో."

ఆమె చేతులు ఎత్తదు, గొంతుక్కూర్చోదు. కుడిచేత్తో సంచీ తీసుకుని, విల్లు మెట్లకు తగలకుండా ఓరగా బస్సెక్కుతుంది. ఎత్తిన చెయ్యిని కిటికీలోంచి బయట పెట్టుకుంటుంది. తిరిగి వెళ్లడానికి పూట పడుతుందని గొణుక్కుంటూ బయల్దేరిన కోటిలింగం అప్పటికే ఫుట్‌బోర్డు మీద ఉన్నాడు. విజిలు వేస్తాడు. బస్సు వెళ్తుంది. చెయ్యి దిగదు.

నేను నడుస్తాను. రన్‌వే పగుళ్లలో గడ్డి ఎత్తుగా ఉంది, నా బాణాలు ఏరిన మనిషి దారి మాత్రం నున్నగా ఉంది. జెండా దగ్గర నేలలో అక్క పాదాలు దిగిన రెండు లోతులు ఉన్నాయి. వాటిలో వాననీళ్లు సరిగ్గా మడమ దాకా ఉన్నాయి. నా బాణం వాటి మధ్య నిటారుగా దిగబడి ఉంది. ముప్పై ఏళ్లలో ఇంత బాగా ఎప్పుడూ వెయ్యలేదు.

అక్క బాణం ఇంకా పైనే ఉంది. ఈకల చప్పుడు వినిపిస్తోంది. ఇప్పుడు జెండా దగ్గరి మనిషిని నేను, అది పడేదాకా కదలకూడదు. పాదాలు ఆ లోతుల్లో పెట్టుకుంటాను. నాకు అవి పెద్దవి.

ఎండ నడినెత్తిన ఉంది. బస్సు కనపడకుండా పోయింది. అక్క చేతి నీడ మాత్రం బస్సుతో పోలేదు. ఆ ఎండలోనూ రన్‌వే పొడవునా పడుకుని ఉంది. పిడికిలి నా పక్కకు చేరింది. జెండాను పీకి, ఆ నీడ వేళ్ల మధ్య గుచ్చుతాను. వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకుని కర్రను పట్టుకుంటాయి.

కర్ర విల్లులా నెమ్మదిగా వంగడం మొదలుపెడుతుంది. నీడకు అటు చివర ఎవరో నారి లాగుతున్నారు. భుజం దించి, నడుము నుంచి వాలి, దవడ కింద ఆనించి, చాలా బాగా లాగుతున్నారు. నేను నా పాదాలు నీళ్లలో సర్దుకుంటాను.