కొంగు మీద ఓడరేవు

నవంబరు మూడో ఆదివారం ఉదయం ఆరున్నరకు మార్కండేయ, అతని చెల్లెలు హేమావతి విశాఖపట్నంలో ఒక ఆటో మాట్లాడుకుని, వాళ్ల నాయన కూర్చున్న కొండను వెతకడానికి బయలుదేరారు.

ఇద్దరిదీ ధర్మవరం. మార్కండేయ పట్టుచీరలు నేస్తాడు, హేమావతి అమ్ముతుంది. ఇక్కడి చేనేత ప్రదర్శనలో ఆమె పెట్టిన దుకాణం శనివారంతో ముగిసింది. ఊరికి తిరిగి పోయేలోపు ఒక పగలు మిగిలింది.

హేమావతి సంచిలో మూరెడు పట్టుగుడ్డ ఉంది. దాని మీద జరీతో ముక్కులా పొడుచుకొచ్చిన ఒక కొండ, కొండ మీద దీపస్తంభం, పక్కన కాలువ, కాలువలో ఓడ. కింద ఒక మూల నుంచి మెట్టు మెట్టుగా దిగే గీత ఒకటుంది. కోటగోడ పళ్లలా మెట్లుగా నేసే కోటకొమ్మ అంచును నాయన మొదలుపెట్టి సగంలో వదిలేశాడని ఇంట్లో అనుకునేవాళ్లు. ఆ గుడ్డ వాళ్ల నాయన హనుమంతరాయుడు నేసిన చీర కొంగు.

వానలు పడక మగ్గాలు ఆగిపోయిన ఏడాది ఆయన ఇల్లు వదిలి వచ్చి, మూడేళ్లు ఇక్కడి రేవులో మూటలు మోశాడు. అది ఆయన చెప్పిన మాట. తిరిగిపోయాక మొదట నేసిన చీర కొంగులో ఓడరేవును పెట్టాడు. షావుకారు చీర విప్పి చూసి, "పెండ్లికూతుర్ని కాపురానికి పంపిస్తారా, ఓడెక్కిస్తారా?" అని వెనక్కిచ్చేశాడు. కొంగు కత్తిరించి మిగతా చీరను తక్కువకు అమ్ముకోవాల్సి వచ్చింది. వీధిలో ఆయన పేరు ఓడ హనుమంతు అయింది.

ఆ పేరు పెట్టినవాడు ఎదురింటి బయ్యన్న. ఆయనదీ మగ్గమే. బొమ్మను ఏదో క్యాలెండరులో చూసి నేశాడనీ, ఆ మూడేళ్లూ బళ్లారిలో ఇంకో సంసారం చేశాడనీ బయ్యన్న అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. హనుమంతరాయుడు పోయి ఎనిమిదేళ్లయినా ఆ మాట ఆపలేదు.

హనుమంతరాయుడి భార్య ఆంజినమ్మ దానికి ఎన్నడూ బదులు చెప్పలేదు. పిల్లలు విశాఖపట్నం పోతున్నారని తెలిసిన రోజు మాత్రం పెట్టె తెరిచి, కొంగు తీసి హేమావతి చేతిలో పెట్టింది.

"ఆ కొండ ఉండాదో లేదో చూసి రాండి. ఉంటే ఉండాదని చెప్పండి, లేకుంటే లేదని చెప్పండి. ఏదైనా నాకు తెలియల్ల."

ఆటో తోలే రామదాసు గుడ్డను చూశాడు. "కొండకి చీర పెడతారేటమ్మా?"

"కొండ దొరికితే పెడతాంలే అన్నా. ముందు పోనీ."

మొదట కైలాసగిరి ఎక్కారు. ఎడమ చేతికి సముద్రం, కుడి చేతికి ఊరు. దూరాన, ఊరి చివర ఒక కొండ సముద్రంలోకి సాగి ఉంది. డాల్ఫిన్స్ నోస్ అదేనని రామదాసు చూపించాడు. ఓడలు అక్కడక్కడ చుక్కల్లా ఆగి ఉన్నాయి. హేమావతి గుడ్డ పరిచి అటూ ఇటూ చూసింది.

"ఇది కాదు. ఓడలు కాళ్ల కింద పోతాయని కదన్నా నాయన చెప్పేది."

మార్కండేయకు ఆ మాట గుర్తుంది. చిత్రావతిలో ఇసుక తప్ప ఏమీ లేని వేసవుల్లో, పొద్దుగూకినాక మిద్దె మీద పడుకుని హనుమంతరాయుడు చెప్పేవాడు. కొండ మీద కూర్చుంటే ఓడలు కాళ్ల కింద పోతాయిరా, పోయేటప్పుడు కూతేస్తాయి అని. నీళ్లు ఎంతుంటాయి నాయనా అని అడిగితే, మన చెరువు తెగిన ఏడు చూసినావు కదా, అట్లాంటి చెరువులు ఎన్నో అనేవాడు. ఎన్ని అంటే మాత్రం లెక్క చెప్పేవాడు కాదు. పిల్లలు నిద్రపోయేవాళ్లు.

గుడ్డ మీద కొండ ఎడమ పక్కన ఉంది, ముక్కు కుడి వైపుకు తిరిగి ఉంది. అట్లా కనబడాలంటే డాల్ఫిన్స్ నోస్‌కు అవతలి పక్కకు పోవాలని రామదాసు చెప్పాడు. ఆటో ఊరు దాటి, ఘాట్ ఎక్కి, యారాడ వైపు దిగింది. తీరంలో నిలబడి చూస్తే కొండ ఎడమ పక్కనే ఉంది. ముక్కు కుడికే ఉంది.

"ఇదే అన్నా," అంది హేమావతి.

మార్కండేయ గుడ్డ వైపు చూశాడు. "కాలువ యాడుండాది మ్మే?"

"రేవంతా కొండకి అటేపు కదా బాబూ," అన్నాడు రామదాసు. "ఇటేపు ఓడ రావడానికి దారేదీ?"

ముగ్గురూ కొబ్బరిబోండాలు తాగారు. హేమావతి గుడ్డ మడిచి సంచిలో పెట్టేసింది.

"బయ్యన్న చిన్నాయన చెప్పిందే నిజమేమో."

"అమ్మకేం చెప్తావు?"

"లేకుంటే లేదని చెప్పమనింది కదా. నువ్వు చెప్పు. నాకు నోరు రాదు."

"నాకు మాత్రం వస్తాదా?"

రామదాసు బోండాం పారేసి వచ్చాడు. "కాళ్ల కింద ఓడలు పోవాలంటే పాతూర్లో దర్గా కొండే. అదొక్కటీ చూసి ఒగ్గేద్దాం."

దర్గా కొండ చిన్నది. పక్క కొండ మీద చర్చి, ఇంకో పక్క గుడి ఉన్నాయి. మెట్లెక్కి పైకి వచ్చేసరికి కాలువ కింద ఉంది. దానికి అవతల డాల్ఫిన్స్ నోస్, దాని మీద దీపస్తంభం. హేమావతి సంచిలోంచి మళ్లీ గుడ్డ తీసింది.

"అన్నీ ఉండాయి. ఒకటీ ఉండాల్సిన పక్క లేదు. కొండ కుడికి ఉండాది, మన గుడ్డలోనేమో ఎడమకు."

మార్కండేయ వంగి, గుడ్డ మీది కొండ అంచు వెంట వేలు నడిపాడు.

"ఈ బొమ్మ గీసిందెవరు?"

"ఇంకెవరు, నాయనే గీసుకున్యాడు."

కొంగు నేసేటప్పుడు వాళ్లింట్లో మంచి వైపు కిందికి ఉంటుంది. నేసేవాడికి కనబడేది వెనక వైపు. అందుకని బొమ్మను ముందే ఎడమ కుడి తిప్పి గీయాలి. ఆ పని బొమ్మలు గీసేవాళ్లు చేస్తారు, నేసేవాళ్లకు పట్టదు. హనుమంతరాయుడు అంతవరకు నేసినవన్నీ మామిడిపిందెలు, జంట హంసలు. వాటిని ఎటు తిప్పినా ఒకటే. సొంతంగా గీసుకున్నది ఈ ఒక్కటే.

"ఆయప్ప చూసింది చూసినట్లు గీసినాడు మ్మే. తిప్పల్ల అని తెలీలేదు. నువ్వు గుడ్డను అమ్మేవాళ్ల మాదిరి మంచి వైపు పైకి పట్టుకున్యావు."

అతను గుడ్డను తిరగేశాడు. వెనక వైపు జరీ మాసి, దారాల కొసలు వేలాడుతున్నాయి. కొండ కుడి పక్కకు వచ్చింది. ముక్కు ఎడమకు తిరిగింది.

చిన్నప్పుడు మగ్గం పక్కన నిలబడి ఈ వైపును రోజూ చూసిన సంగతి మార్కండేయకు అప్పుడు గుర్తొచ్చింది. మొదట కాలువ వచ్చింది. తర్వాత ఓడ వచ్చింది. దీపం ఎప్పుడొస్తాది నాయనా అని తను అడిగేవాడు. ఇంకో జానెడు నేస్తే వస్తాది, నువ్వు ఎలుతురుకు అడ్డం లెయ్ అనేవాడు ఆయన.

మెట్ల పక్కన పాత పిట్టగోడ ఉంది. దాని వెనక చదును మీద మార్కండేయ కూర్చున్నాడు. కూర్చుంటే గోడ మెట్టు మెట్టుగా దిగుతూ కాలువ అంచును కొంచెం కప్పింది. అతను గుడ్డను కళ్లెదుట పట్టుకుని, చెల్లెలిని పక్కన కూర్చోమన్నాడు.

"కోటకొమ్మ కాదు, గోడ. క్యాలెండరోడు నిలబడి ఫొటో తీస్తాడు. ఈయప్ప కూసున్యాడు."

హేమావతి చూసింది. తర్వాత ఫోను తీసి తల్లికి చేసింది. అన్నకు వినబడాలని స్పీకరు నొక్కింది.

"అమ్మా, ఉండాది."

"ఏముండాది?"

"కొండ ఉండాది. దీపం ఉండాది. నాయన కూసున్న చోటు కూడా ఉండాది. ఆడే కూసోనుండాం, నేనూ అన్నా."

"బాగా చూసినారా?"

"బాగా చూసినామమ్మా."

ఫోన్లో వీధి అవతలి మగ్గం చప్పుడు దూరంగా వినిపిస్తోంది. తర్వాత తలుపు తీసిన శబ్దం, వీధిలోకి వచ్చిన ఆంజినమ్మ గొంతు.

"బయ్యన్నా. యో బయ్యన్నా. కొంచెం ఇట్ల రా. మా పిల్లోళ్లు ఫోన్లో ఉండారు."

మగ్గం చప్పుడు ఆగింది.