ముందు సాక్ష్యం, తర్వాతే దుప్పటి

విప్లవం తర్వాత ఇరాన్ నుంచి తరిమేస్తే, ప్రొటెస్టెంటు వితంతువు మరియం చంటిపిల్లతో పడవెక్కి దుబాయ్ చేరింది. ఆ ఊళ్ళో డేరా అనే పేటలోని తెలుగు క్రైస్తవ సంఘం ఆమె కోసం దుప్పట్లు, పాలడబ్బాలు పోగుచేసి బల్లమీద పేర్చింది.

"ముందు సాక్ష్యం, తర్వాతే సాయం. మన పద్ధతది!" అన్నారు సంఘపెద్ద ఆశీర్వాదంగారు.

భర్తను ఎలా చంపారో మరియం వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. నర్సు రత్నకుమారి దాన్ని తెలుగు చేసింది. జనం "స్తోత్రం" అంటూ కళ్ళొత్తుకున్నారు.

అంతలో ఇంజనీరుగారి భార్య సెంటు గుబాళిస్తూ వచ్చింది.

"అయ్యో, అమ్మగారు వినలేదే! రత్నమ్మా, మళ్ళీ మొదట్నుంచి చెప్పమను," అన్నారు ఆశీర్వాదంగారు.

రత్నకుమారి లోలోపల అనుకుంది: గంగిరెద్దులా ఆడితేగాని పాతబట్ట పడదన్నమాట!

సంగతి గ్రహించి మరియం అప్పటికే లేచి నిలబడింది. "ఫర్వాలేదు సిస్టర్. అక్కడ పోలీసులూ ఇలాగే మళ్ళీ మళ్ళీ చెప్పించేవాళ్ళు."

ఆ మాటను రత్నకుమారి, ఆశీర్వాదంగారి చేతిలోని మైకు లాక్కుని, పొల్లుపోకుండా తెలుగులో చెప్పింది.