ఇచ్చినట్టు సంతకం

కొండల్ తల పగిలింది లారీ తగిలి. తప్పు మాత్రం కొండల్‌దేనని క్వారీ ఆఫీసు రాసింది.

ఎనభై నాలుగో సంవత్సరం, ఎండలు ముదిరిన నెల. సోమవారం సాయంత్రం నాలుగున్నరకు షిఫ్టు దిగి సైకిల్ మీద ఇంటికి పోతున్నాడు. రాళ్లవాగు మలుపులో సున్నపురాయి లారీ వెనక నుంచి వచ్చి గుద్దింది. ఆ లారీకి హారన్ లేదు. బ్రేకు ఉందో లేదో చూసే పని ఎవరికీ అప్పగించలేదు. డ్రైవర్‌కు ట్రిప్పుకింత అని కూలి, అందుకే వాడు ఎగిరిపోతాడు. లారీలేమో క్వారీ యజమాని చొక్కారావు బావమరిదివి. ఇవేవీ ఆఫీసు కాగితంలో లేవు. అందులో ఉన్నది ఇది:

"సదరు వర్కర్ హెల్మెట్ ధరించకుండా సైకిల్ నడిపినాడు. ఉదయం తీసుకున్న హెల్మెట్ సాయంత్రం గేటులో అప్పగించినట్లు రిజిస్టర్‌లో సంతకం లేదు. కనుక హెల్మెట్ అతని వద్దనే ఉండెను. ఉండియు ధరించలేదు. ఉద్యోగం నుండి ఏల తొలగించరాదో వచ్చే సోమవారం విచారణలో చెప్పుకొనవలెను."

మా గేటు గోడ మీద రెండు నోటీసులున్నాయి. మొదటిది క్వారీ తెరిచిన నాటిది: హెల్మెట్లు కంపెనీ సొత్తు, గేటు దాటిస్తే దొంగతనం. రెండోది పోయిన దసరాకు అంటించారు: సైకిల్ మీద వచ్చిపోయే వర్కర్లు రోడ్డు మీద హెల్మెట్ ధరించాలి, ధరించకుంటే ప్రమాదానికి కంపెనీ బాధ్యత లేదు. రెంటికీ మధ్య జానెడు ఎడం. ఒకటి పాటిస్తే రెండోది తప్పినట్టే. రాసినవాళ్లు జీపులో వచ్చిపోయేవాళ్లు, వాళ్ల తలలకేం భయం.

రిజిస్టర్ సంగతి కూడా చెప్పాలి, అందులో సిగ్గుపడాల్సింది మేమే. పొద్దున టోపి, అంటే ఆ హెల్మెట్, తీసుకునేటప్పుడు 'తీసుకున్నట్టు' గడిలో సంతకం పెడతాం. సాయంత్రం 'ఇచ్చినట్టు' గడిలో పెట్టాలి. ఎవడూ పెట్టడు. సైరన్ మోగగానే రెండు వందల ముప్పై మందిమి వాచ్‌మన్ గంగయ్య గది ముందు టోపీలు కుప్పగా విసిరేసి సైకిళ్లు లాక్కుని పోతాం. ఆ గడులన్నీ గంగయ్యే తీరిగ్గా నింపుకుంటాడు. రిజిస్టర్ పెట్టిన రెండేళ్ల నుంచీ ఇదే తీరు. యూనియన్ సెక్రటరీనని చెప్పుకునే నేనూ అట్లాగే విసిరేశాను.

గురువారం కొండల్ ఇంటికి పోయాను. తలకు పద్దెనిమిది కుట్లు. మంచంలో కూర్చుని గోడ వైపు చూస్తున్నాడు. అతని పెండ్లాం పోసక్క గడపలో నిలబడి నన్ను లోపలికి రానివ్వలేదు.

"కొమురన్నా, నువ్వు లీడరువేనా?"

"ఏందక్కా, గట్లంటవు."

"సంతకం పెట్టేది మీకెర్కలేదా? నేను బీడీల ఆకు తీసుకున్నా సంతకం పెట్టి తీసుకుంట, కట్టలిచ్చినా పెట్టించుకోని వస్త. సదువురాని దాన్ని నాకెరుక. మీకు రెండొందల మందికి ఎర్కలేకపాయెనా?"

లోపలి నుంచి కొండల్ మెల్లగా అన్నాడు: "ఇప్పుడు తిట్టి ఏం ఫాయిదానే. నౌకరి ఉంటదా పోతదా గది చెప్పుమను."

పోతుందని నేను అనలేదు. ఉంటుందని కూడా అనలేకపోయాను.

అక్కడి నుంచి సత్తార్ సైకిల్ దుకాణానికి పోయాను. కొండల్ సైకిల్ అక్కడే పడి ఉంది, వెనక చక్రం ముద్దలా వంకరపోయి. మా డ్రిల్లర్ అంతయ్య బెంచీ మీద కూర్చుని నోటీసును తిడుతున్నాడు.

"సైకిల్ తొక్కెటోనికి టోపేందిర బై. రేపు ఎడ్లకు గూడ పెట్టుమంటరు."

సత్తార్ పానా కింద పెట్టాడు. "నవ్వకు అంతయ్యా. చక్రం వంకరపోతే నేను సాఫ్ చేస్త. ఖోప్డీ వంకరపోతే ఎవడు చేస్తడు? టోపి ఉంటే కొండల్‌కు అన్ని కుట్లు పడేటివి గావు. డాక్టర్ గూడ గదే అన్నడంట."

నాకు మండిపోయింది. "సత్తార్ భాయ్, నువ్వు మేనేజర్ దిక్కు మాట్లాడుతున్నవు."

"నేను తలకాయ దిక్కు మాట్లాడుతున్న. జర సల్లవడు. టోపి మంచిదంటే లారీ మంచిదని గాదు. నువ్వు రెండూ ఒక్కటే జేసి నామీదికొస్తవేంది?"

"మరి లారీ గురించి నోటీసు ఏది? లారీకి బ్రేకు ఉండాలె అని గోడ మీద ఎందుకు రాయలే? గుద్దెటోనికి ఏం రూలు లేదు, గుద్దించుకునెటోనికి రూలా?"

"గది నన్నడుగుతవేంది? నా దుకాణంల లారీల్లేవు."

అంతయ్య నవ్వాడు. నేను నవ్వలేదు. కానీ ముసలి సత్తార్ మాట నిజమే. నా కోపం టోపి మీద కాదు. తలను కాపాడే వస్తువును తీసుకుని, పగిలిన తల మీదికే సాక్ష్యంగా తెచ్చిన వాళ్ల మీద.

శుక్రవారం గంగయ్యను పట్టుకున్నాను. "మందివన్నీ నింపినవు. కొండల్ గడి ఒక్కటే ఎందుకు ఖాళీగ ఉన్నదే?"

అతను చుట్టూ చూశాడు. "నింపబోతుంటె మేనేజర్ సార్ ఆపిండు. కొండల్ది వదిలెయ్యుమన్నడు. టోపి గూడ తీస్కపోయిండు. నూట పన్నెండు నెంబరు. నాకింక రెండేండ్లే సర్వీసున్నది కొమురెల్లి, నన్ను సాక్షికి పిలువకు."

కొట్టాలనిపించింది. కొట్టలేదు. చెయ్యవలసింది అప్పుడే తట్టింది.

శనివారం సైరన్ మోగింది. ఎవడూ టోపి విసరలేదు. గేటులో వరుస కట్టి నిలబడ్డాం, ముందు నేను.

"గంగయ్యా, రిజిస్టర్ తియ్యి. ఇచ్చినట్టు సంతకం పెట్టి పోతం."

"అందరా?"

"అందరం. కొండల్‌కిచ్చిన కాగితంల గదే ఉన్నదిగ."

నా పేరు ఇంటిపేరుతో సహా గుండ్రంగా రాశాను. తర్వాత అంతయ్య. రాత్రి బడిలో నిరుడే అక్షరాలు నేర్చుకున్నాడు, నాలుక బయటపెట్టి ఒక్కో అక్షరం చెక్కుతున్నాడు. వెనక నుంచి ఎవరో "సున్న మర్చిపోయినవే" అన్నారు. కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాడు.

ఆ గేటు ఒక లారీ పట్టేంతే. మా వరుస వెనక నిండు లారీలు పదహారు ఆగాయి. హారన్లున్నవి మోగుతున్నాయి. హారన్ లేని లారీ డ్రైవర్ తలుపు మీద చేత్తో బాదుతున్నాడు. ఆరు గంటలకు సైడింగ్‌లో రైలు పెట్టెలు నిండాలి, నిండకపోతే కంపెనీ రైల్వేకు జరిమానా కట్టాలి. గంట గడిచింది. నలభై రెండు సంతకాలయ్యాయి.

మేనేజర్ జగన్మోహన్‌రావు జీపు దిగి, లారీల సందులోంచి దుమ్ము దులుపుకుంటూ వచ్చాడు.

"ఏం తమాషరా ఇది? టోపీలు ఆడ పారేసి నడువుండ్రి."

"పారేస్తే ఎట్ల సార్? సంతకం లేకుంటె టోపి మాదగ్గర్నే ఉన్నట్టంట. నౌకరి పోతదంట."

"రోజు పారేసి పోయెటోళ్లే గద మీరు. ఇయ్యాల కొత్తగ ఏమొచ్చింది?"

నేను పెన్ను ఆయన ముందు పెట్టాను.

"గిదే మాట రిజిస్టర్ల రాయుండ్రి సార్. గేటు ఖాళీ చేస్తం."

"నన్ను రాయుమంటవా?"

"లేకుంటె మేమే రాసుకుంటం. ఇంక నూట ఎనభై ఎనిమిది మందే ఉన్నరు."

ఆయన గడియారం చూసుకున్నాడు. లారీల వైపు చూశాడు. నా వెనక వరుసలో హనుమండ్లు తన వంతు కోసం పెన్సిల్ చెక్కుకుంటున్నాడు, తాపీగా. మేనేజర్ నా చేతిలోంచి పెన్ను గుంజుకుని నిలబడే రాశాడు: 'ఈ గేటులో వర్కర్లు సాయంత్రం హెల్మెట్లు సంతకం లేకుండానే అప్పగించి పోవుట మొదటి నుంచి వాడుక.' కింద సంతకం, తేదీ. చదివి అందరికీ వినిపించాను. గంగయ్య తల వంచుకుని ఉన్నాడు.

సోమవారం విచారణలో ఆ పేజీ తెరిచి పెట్టాం. పావుగంటలో ముగిసింది. కొండల్ నౌకరి నిలిచింది. లారీ బ్రేకుల మాట ఎత్తితే "అది వేరే విషయం" అన్నారు. వేరే విషయమట. మనిషిని గుద్దింది ఆ వేరే విషయమే.

కుట్లు విప్పాక కొండల్ డ్యూటీకి వచ్చాడు. ఆఫీసు నుంచి తిరిగొచ్చిన నూట పన్నెండు నెంబరు టోపిని గంగయ్య కండువాతో తుడిచి అతని చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రం మేము టోపీలు విసరనూ లేదు, ఇవ్వనూ లేదు. పెట్టుకునే గేటు దాటాం.

"అరే, దొంగతనం కిందికొస్తదే," అన్నాడు గంగయ్య.

"రెండో కాగితం సదువు," అన్నాడు అంతయ్య.

కొండల్‌కు మచ్చ ఇంకా నొప్పి. టోపిని హ్యాండిల్‌కు తగిలించుకుని ఉత్త తలతో ముందు సాగాడు, సత్తార్ బాగుచేసిన సైకిల్ మీద. రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మేము అతని వెనక నిండుగా పరచుకున్నాం. దుకాణం ముందు నిలబడ్డ సత్తార్ మా తలలు చూసి, "ఇప్పుడు సమఝయిందా," అన్నాడు.

రాళ్లవాగు మలుపులో వెనక లారీ వచ్చింది. డ్రైవర్ తలుపు మీద చేత్తో బాదాడు. ఇంకా గట్టిగా బాదాడు.

బాదుకొమ్మన్నాం. ఒక్కడూ పక్కకు జరగలేదు.