గడియారం నమ్మని దెబ్బలు

అక్క ల్యాప్‌టాప్ తెచ్చి నా రిపేరు షాపు బల్ల మీద పెట్టింది. తన ఎడమ చేతి కట్టు నిన్నగాక మొన్నే విప్పారు. ఆ చెయ్యి విరిచిన మహానుభావుడు మా బావే. విరుస్తుంటే ల్యాప్‌టాప్ కెమెరాలో అంతా రికార్డయింది కూడా. అయినా స్టేషన్‌లో పోలీసాయన నవ్వాడట.

"వీడియో మీద తేదీ చూశావా? అప్పటికి నీకు పెళ్లే కాలేదు కదమ్మా!" అన్నాడట.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వెంటనే అడుగు మూత విప్పాను. గడియారాన్ని నడిపే చిన్న బిళ్ల సెల్ ఎప్పుడో చచ్చింది. పెద్ద బ్యాటరీ పొట్ట ఉబ్బి కూర్చుంది. ఛార్జర్ పీకితే చాలు, తేదీ ఏళ్ల వెనక్కి పోతోంది.

"కొత్త సెల్ వేస్తే సరిపోతుందా?"

"ఇకమీద తీసేవాటికైతే సరిపోతుంది. పాతవాటి తేదీ మారదక్కా. నేను మార్చగలను గానీ, ఆ సంగతి తెలిస్తే నువ్వే దొంగవవుతావు."

"నిజం చెప్పడానికి కూడా ఇన్ని తిప్పలా?" అక్క కుర్చీలో కూలబడింది.

ఏ మిషన్ విప్పినా ముందు ఫైళ్లన్నీ ఉండే డిస్కు ఊడదీసి సొరుగులో పెట్టడం నా అలవాటు. అది పెట్టి తల ఎత్తేసరికి బావ ఎదురుగా ఉన్నాడు.

"తేదీలు దిద్దుతున్నారా అక్కాచెల్లెళ్లు?"

నా జుట్టు పట్టి మొహాన్ని బల్లకేసి కొట్టాడు. పెదవి చిట్లి నోరంతా రక్తం. అడ్డొచ్చిన అక్కను డొక్కలో తన్నాడు. విప్పి ఉన్న ల్యాప్‌టాప్‌లో అన్నిటికన్నా పెద్దగా కనిపించేది బ్యాటరీయే. వీడియోలన్నీ అందులోనే ఉంటాయనుకున్నాడు, తెలివి తెల్లారినట్టే ఉంది! నా స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

"బావా, అది బ్యాటరీ! పొడవకు!"

"నాకు చెప్తావే నువ్వు?" అంటూ రెండు చేతులతో కసిగా దింపాడు.

బుస్సుమని పొగ, దాని వెనకే మంట. చొక్కా చెయ్యి అంటుకుంది. గావుకేకలు పెడుతూ గంతులేశాడు. కాలి చావనీ వెధవని అనుకున్నాను, కదల్లేదు. అక్కే ఆ నొప్పి చేత్తో మూలనున్న ఇసుక బకెట్టు ఎత్తి వాడి మీద కుమ్మరించింది. కేకలకు చుట్టుపక్కల షాపులవాళ్లంతా గుమ్మంలో పోగయ్యారు. మంట ఆరిందో లేదో, వాళ్లందరి ముందే వాడు మళ్లీ అక్క మీదకు లేచాడు.

"ఆ రోజు చెయ్యి విరిచినప్పుడే నీ పీక కూడా విరిచేసి ఉంటే పీడా పోయేది!"

అక్క గుమ్మం వైపు తిరిగింది.

"విన్నారా?"

జిరాక్స్ షాపాయన తన చెప్పుల వంక చూసుకున్నాడు. టైలరమ్మ మాత్రం మెళ్లో టేపు తీసి పక్కన పడేసి లోపలికొచ్చింది.

"విన్నానమ్మా. పద, ఎవరి ముందైనా చెప్తాను."

చెయ్యి విరిగిన రోజు కూడా ఏడవని మా అక్క, ఆవిడ భుజం మీద వాలి బావురుమంది.