మైకులో చెప్పిన మాట

గ్యాసే ఇది, ఇంకేమీ కాదు, పొద్దున్నే ఖాళీ కడుపుతో టీ తాగితే గుండెల్లో ఇలాగే పట్టేస్తుంది, మరి పులుసుకి చింతపండు పిసుకుతున్న చెయ్యి ఎందుకు బరువెక్కాలి, నిన్న బియ్యం మూట దించాను కదా అందుకే, దవడ కూడా లాగుతోంది, మూటేమన్నా దవడతో దించానా, నోర్మూసుకో ఎలిశబెతూ, పోయిన ఆదివారం చర్చిలో మైకు పట్టుకుని అంత ధైర్యంగా చెప్పినదానివి, మూడు నెలల గుండె నొప్పి దేవుడు తీసేశాడు, మాత్రలు కాలవలో పారేశాను అని సాక్ష్యం చెబితే విడవలూరు సంఘమంతా చప్పట్లు కొట్టింది, పాస్టరయ్య కళ్లు తుడుచుకున్నాడు, కోడలు ఫేబీ ఒక్కతే తల వంచుకుంది, ఇంటికొచ్చాక, డాక్టరు ఆపమన్నాడా అత్తా అని అడిగింది, నీకు విశ్వాసం లేదు పో అన్నాను, ఆ మాటన్న నోటితోనే ఇప్పుడు ఫేబీని కేకెయ్యాలా, చచ్చినా వెయ్యను.

గడప దగ్గర గంప దించుకున్న అంకాలమ్మ, ఇరవై ఏళ్లుగా నాకు చేపలు తెచ్చిస్తున్న మనిషి, బొమ్మిడాయిలకి బూడిద పట్టించి తోముతున్నదల్లా ఆగి నా మొహంలోకి చూస్తోంది, ఏందక్కా అట్టా చెమటలు కారతా ఉండాయి, పొయ్యి సెగలే అంకాలమ్మా, పొయ్యి ఇంకా ఎలిగించనే లేదు గదక్కా, దీని కళ్లు పాడుగాను, పోయినేడు దీని మొగుడు వెంకయ్య కూడా గ్యాసే అన్నాడు, వల సగంలో వదిలితే తోటివాళ్లు నవ్వుతారని మొత్తం లాగి ఒడ్డున కూలబడ్డాడు, మళ్లీ లేవలేదు, నవ్వితే నవ్వనీ అని వదిలెయ్యాల్సింది పిచ్చోడు అని ఆ రోజు అన్నది నేనే, వెంకయ్యకి వల, నాకు మైకు, అంతే తేడా.

108 వస్తే చర్చి ముందునుంచే రావాలి, అందరూ గుమ్మాల్లోకి వస్తారు, దేవుడు తీసేసిన నొప్పి మళ్లీ ఎట్టా వచ్చిందమ్మా అంటారు, అననీ, మాత్రలు పారెయ్యమని దేవుడు చెప్పాడా, పారేసింది నేను, చప్పట్ల కోసం ఆయన్ని అడ్డం పెట్టుకున్నాను, గుండె మీద ఎవరో మోకాలు ఆనించినట్టుంది, ఆనించు చూద్దాం, వచ్చే ఆదివారం కాకపోతే ఆ పై ఆదివారం మళ్లీ ఆ మైకే పట్టుకుంటాను, తప్పు చెప్పాను అంటాను, చప్పట్లు కొట్టకపోతే మానె, అన్నమాట వెనక్కి తీసుకోవాలన్నా మనిషి బతికుండాలి కదా, అంకాలమ్మా, లోపల ఫేబీ ఉండాది, పిలువు, గ్యాస్ కాదని చెప్పు, 108కి ఫోన్ చెయ్యమను, సందు మొదట్లో సైరన్ ఆపమని మాత్రం ఎవరూ చెప్పబాకండి, మోగనీ, అందరూ విననీ.