నేను కలిపిన వాక్యం

జహీరాబాద్ తాలూకా ఆఫీసు ముందు అర్జీలు రాసి బతికేవాణ్ణి నేను. విరూపాక్ష రాసిన అర్జీని ఏ అధికారీ పక్కన పెట్టలేడని నాకు మహా గీర. ఆ గీరే శరణమ్మ కొంప ముంచింది.

శరణమ్మ దవాఖాన గేటు దగ్గర ఖాళీ సీసాలు అమ్మేది. అప్పట్లో మందునీళ్లకు రోగులే సీసా తెచ్చుకోవాలి. చెత్తకుప్పల్లో దొరికిన సీసాలను ఆమె బూడిదతో తోమి, నీళ్లలో ఉడకబెట్టి, తళతళలాడించి తెచ్చేది. కోహీర్ నుంచి, ఝరాసంగం నుంచి పిల్లల్ని ఎత్తుకొచ్చిన తల్లులు ఆమె దగ్గర సీసా తీసుకునే లోపలికి పోయేవాళ్లు. ఆ పనితోనే చూపు లేని భర్త సంగప్పను సాకుతోంది.

కానీ చట్టం ప్రకారం కుప్ప మొత్తం వేలం పాడుకున్న గుత్తేదారుది. అందులోంచి సీసా తీస్తే దొంగతనం. ఆ మహానుభావుడేమో అంతా గుంటలో పోసి తగలబెట్టేవాడు. శరణమ్మను రెండుసార్లు ఠాణాలో కూర్చోబెట్టారు.

ఎనభై ఒకటిలో చెత్త చట్టం మారుస్తామని, సలహాలు పంపమని సర్కారు నోటీసు అంటించింది. నేనే ఆమెను పిలిచి చెప్పాను.

"ఏం రాయమంటవు శరణమ్మా?"

"పారేసింది ఎవరు ఏరుకుంటే వాళ్లదని రాయున్రి సారూ. గంతే."

గంతేనట. ఒక్క మాటతో అర్జీ ఏం నిండుతుంది? నాలుగు పేజీలు రాశాను. చివర్లో గంభీరంగా ఉంటుందని, 'ఈ పని చేయువారికి సర్కారు లైసెన్సు ఇచ్చి గౌరవించవలెను' అని సొంతంగా కలిపాను. ఆమె వేలిముద్ర వేసింది. చదివి వినిపించాలని నాకు తోచనేలేదు.

మూడేళ్లకు చట్టం మారింది. పాతసామాను మళ్లీ వాడడాన్ని ప్రోత్సహిస్తారట. కుప్ప మీద ఏరుకోవడం ఇక నేరం కాదు, లైసెన్సు ఉంటే. లైసెన్సుకు పక్కా గోదాం, ఇంటిపన్ను రసీదు కావాలి. చిరాగ్‌పల్లి రోడ్డు పక్క ఆమె గుడిసెకు రసీదు ఎవడిస్తాడు? ఆ లైసెన్సూ పాత గుత్తేదారుకే దక్కింది. ఇప్పుడతను సీసాలు కాల్చడు, లారీలో పట్నం పంపుతాడు. లైసెన్సు లేదని శరణమ్మను గేటు దగ్గర నుంచి లేపేశారు. నేను ఇంకో మూడు అర్జీలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె వచ్చి నా బల్ల ముందు కూర్చుంది. మనిషి సగమైపోయింది.

"సారూ, అప్పుడు రాసింది జర సదువున్రి. మన దిక్కునుంచే ఏమన్న తప్పు అయ్యిందేమో."

పెట్టెలోంచి నకలు తీశాను. నాలుగు పేజీలూ చదివాను. నేను కలిపిన లైసెన్సు వాక్యం దగ్గరికి వచ్చాను. దాన్ని దాటేసి కింది వాక్యం అందుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా చదవలేకపోయాను.

ఆమె చివరిదాకా విని తల ఊపింది.

"మంచిగనే రాసిన్రు సారూ. మీరేం ఫికర్ చెయ్యకున్రి. వాళ్లకే సమజ్ కాలే."